పోయి పండుకోమన్న ఎమ్మెల్యే సాబ్

మా ఎమ్మెల్యే సాబ్ వెళ్లిపోయారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, పెద్ద గ్లాసు నిండా మజ్జిగ తాగి, వరండాలో నవారు మంచం మీద నడుం వాల్చారట. సాయంత్రం చాయ్ తీసుకెళ్లి పిలిస్తే పలకలేదు. వాళ్ల కోడలు నాకు ఫోన్ చేసి, "మామ పోయిండక్కా. మంచిగ నిద్రవోయినట్టే ఉన్నడు. ఇంకా లేపుతనే ఉన్నం మేము" అని చెప్పి ఏడ్చింది.

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నాకు ఏడుపు కంటే ముందు హమ్మయ్య అనిపించింది. తప్పుగా అనుకోకండి. ఎనభై దాటిన మనిషి. మోకాళ్లు మొరాయించినా మాట మాత్రం పదును తగ్గలేదు. ఆయనకు ఉన్న భయం ఒకటే. "నన్ను దవాఖానల పండవెట్టి, ముక్కుకు పైపులు వెట్టి, చూడనీకి జనాలను లైన్ల నిలవెడ్తరు బిడ్డా. ఓట్ల లైను చూసిన, రేషన్ లైను చూసిన. గా లైను మాత్రం ఒద్దు నాకు" అనేవారు. ఆ లైను ఆయనకు రాలేదు. సొంత మంచం మీద, సొంత వరండాలో, ఎవరికీ కష్టం లేకుండా వెళ్లిపోయారు. ఏడుపు తర్వాత వచ్చింది, వాళ్ల గుమ్మం ముందు చెప్పులు విప్పుతున్నప్పుడు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్లు వేశారు. మాజీ ఎమ్మెల్యే కన్నుమూత, నాలుగు సార్లు పోటీ చేసి రెండు సార్లు గెలిచారు, భార్య, ఇద్దరు కొడుకులు ఉన్నారు, అంతే. తప్పేమీ రాయలేదు. కానీ ఆ లెక్క చదివితే పరీక్షల్లో సగం మార్కులు తెచ్చుకున్న కుర్రాడి గురించి చెప్పినట్టుంది. గెలిచినవి రెండూ సరే. ఓడినవి రెండూ ఎలా ఓడారో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. ముఖ్యంగా రెండో ఓటమి గురించి. అందులో మా కాలనీకి పెద్ద వాటా ఉంది.

ఆయన పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లను నేను చూడలేదు. గెలిచినా ఎమ్మెల్యే సాబే, ఓడినా ఎమ్మెల్యే సాబే. ఆ పదవిలో వేరే ఎవరో ఉన్న రోజుల్లో కూడా కిరాణా దుకాణంలో "ఎమ్మెల్యే సాబ్ ఇంటికి కిలో చక్కెర" అంటే అది ఈయనింటికే చేరేది. గెలిచిన ఆయన దగ్గరికి వెళ్లాలంటే మాత్రం "కొత్తాయన" అని చెప్పాల్సి వచ్చేది.

మా పెళ్లయిన కొత్తలో మేం మలక్‌పేటలో ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్లం. మాది నల్గొండ దగ్గర పల్లె. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే కండక్టరు వెనక్కి తిరిగి "ఇంకెవరన్న ఉన్నరా, దిగెటోళ్లు?" అని అనుమానంగా అడిగేవాడు. ఎల్బీనగర్ దాకా రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్షతోటలు, వరి మళ్లు, మధ్య మధ్యలో బండరాళ్లు. చూస్తూ చూస్తూ ఉండగానే తోటలన్నీ ముగ్గు గీతలైపోయాయి. తెల్లారితే ఒక కొత్త కాలనీ బోర్డు. ఒక ఇల్లు కూడా లేని చోట "మూడో రోడ్డు" అని రాతి పలక ఉండేది. అలాంటి ఒక మూడో రోడ్డులోనే మేమూ ఒక ప్లాటు కొనుక్కున్నాం.

మా కాలనీ నేల అంతకు ముందు ఎమ్మెల్యే సాబ్ వాళ్ల చిన్నాయన ద్రాక్షతోట. తోట పోయినా, తీగల పందిరికి నిలబెట్టిన రాతి కడీలు మాత్రం ఎవరూ పీకలేదు. వాటికి బట్టల తీగలు కట్టుకున్నాం. ఒకాయన బర్రెను కట్టేశాడు. ఇంకొకాయన రెండు కడీల మధ్య గోడ లేపి స్నానాల గది చేసుకున్నాడు. అది చూసి ఎమ్మెల్యే సాబ్ నవ్వి, "ముందుగాల గీడ ద్రాక్ష కాసేది. ఇప్పుడు పోర్షన్లు కాస్తున్నయ్" అనేవారు.

ఆయన మొదటి ఎన్నిక నేను చూడలేదు. వాళ్లావిడ చెప్పగా విన్నాను. ఆవిడను మేమందరం పెద్దమ్మా అంటాం. ఊరి సర్పంచిగా ఉన్న మనిషి ఏ పార్టీ టికెట్టూ లేకుండా సొంతంగా నిలబడ్డారట. గుర్తు గొడుగు. మండే ఎండల్లో నల్ల గొడుగు వేసుకొని పల్లె పల్లె తిరిగారు. ముసలమ్మలు ఆ గొడుగు కిందికి చేరి, పక్క ఇంటిదాకా, ఆ పక్క వాడదాకా ఆయనతో కలిసి నడిచేవాళ్లట. వెనక ఇంత మంది వస్తున్నారు కదా అని ఆయన మురిసిపోయారు. డిపాజిట్ పోయింది. "నీడకొచ్చిన్రు గని ఓటుకు రాలే" అని ఆ కథ ఆయనే అందరికీ చెప్పుకునేవారు. రెండోసారి ఒక పార్టీ పిలిచి టికెట్ ఇచ్చింది, గెలిచారు. మేం ప్లాటు కొన్ననాటికి ఆయన ఎమ్మెల్యే, తలుపు సరిగ్గా పడని ఒక జీపు, ఇంటి ముందు పొద్దున్నే జనం.

ఆ పొద్దుటి జనంలో నేనూ చాలాసార్లు నిలబడ్డాను. వరండా స్తంభానికి మేకు కొట్టి అద్దం తగిలించి, అందరి ఎదుటే గడ్డం గీసుకుంటూ ఆయన అర్జీలు వినేవారు. కాగితం ఇస్తే తీసుకోరు. "నోటితోని చెప్పు. కాగితమైతే అబద్ధం రాయొచ్చు, నా మొకం చూసి చెప్పుడు కష్టం" అనేవారు. పెద్దమ్మ లోపలి నుంచి చాయ్ గ్లాసులు పంపుతూనే ఉండేది. ఆయన ఎవరినీ "మీరు" అనేవారు కాదు. కలెక్టరైనా, కల్లు గీసే అతనైనా నువ్వే. అందులో అమర్యాద ఉందని మాకెవరికీ తోచలేదు. మా ఊళ్లో మా తాతను కూడా మేం నువ్వనే అంటాం.

నాలుగు సార్లు వెళ్లొచ్చాక నాకు ఆయన భాష పట్టుబడింది. "చూద్దాం" అన్నారంటే ఆ పని కాదు. ఇంటికొచ్చి వేరే దారి వెతుక్కోవాలి. "అయితది తియ్" అంటే అవుతుంది కానీ ఇంకో రెండు సార్లు తిరగాలి. ఏమీ చెప్పకుండా "ఇగ పో" అంటే పని అయిపోయినట్టే. ఆ "పో" కోసమే జనం పొద్దున్నే వచ్చేవాళ్లు. మా ఆయన్ని ఊరవతలి డిపోకి మార్చబోతే ఒకసారి వెళ్లి చెప్పుకున్నాం. గడ్డం మీద నురగతోనే తల తిప్పి "పో బిడ్డా" అన్నారు. మేం ఆనందంగా బయటికొచ్చి చెరకురసం తాగాం.

మా కాలనీలో సగం మంది మా నల్గొండ వాళ్లు, సగం మంది కోస్తా నుంచి వచ్చినవాళ్లు. మా పక్కింట్లో కృష్ణా జిల్లా వాళ్లు. ఆయన బళ్లో మాస్టారు. ఆవిడను నేను అక్కయ్యగారూ అనేదాన్ని. మొదట్లో మా మాట ఆవిడకు, ఆవిడ మాట నాకు కొంచెం తికమక పెట్టేవి. ఒకసారి ఎమ్మెల్యే సాబ్ మీటింగు పెట్టి "మీకందరికి నల్లా ఇప్పిస్త" అంటే ఆవిడ నా చెవిలో, "నల్లగా ఏమిప్పిస్తాడమ్మాయ్?" అంది. కుళాయి అని చెప్తే పడీ పడీ నవ్వింది. అలాంటివి నవ్వుకుని పోయేవి. అన్నీ అలా పోలేదు.

ఎనభైల చివర్లో మళ్లీ ఎన్నికలు వస్తున్నాయనగా మా కాలనీకి నోటీసులు వచ్చాయి. ఈ స్థలం చెరువు శిఖంలో ఉంది, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే భూమిలో ఉంది, కట్టడాలు తొలగిస్తాం అని. ఇంటింటి తలుపుకూ ఒక కాగితం అంటించి పోయారు. అప్పటికి మా ఇల్లు గోడల దాకా లేచింది. మూలగదికి మాత్రం రేకులు వేసుకొని అందులోనే కాపురం. నేను కడుపుతో ఉన్నాను. కాన్పు ఎండాకాలంలో. రేకుల కింద పసిపిల్ల ఉడికిపోతుందని, ఎండలు ముదిరేలోపు స్లాబ్ వేయాలని మా ఆయన ఇనుము, కంకర తెచ్చి పెట్టుకున్నాడు. నోటీసు అంటించిన రోజు మేస్త్రీ పనిముట్లు సర్దుకొని వెళ్లిపోయాడు. కాలనీ అంతటా అదే స్థితి. కప్పు లేని గోడలు, ఆకాశంలోకి నిలబడ్డ ఇనుప చువ్వలు, ఎవరి ఇల్లు ఉంటుందో ఎవరిది పోతుందో తెలియని మొహాలు.

మర్నాడు పొద్దున్నే కాలనీ వాళ్లమంతా కలిసి ఎమ్మెల్యే సాబ్ దగ్గరికి వెళ్లాం. మాట్లాడే పని మాస్టారికి అప్పగించాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని, గొంతు సవరించుకొని, "అయ్యా, జీవితకాలం కూడబెట్టుకున్నదంతా ఈ ఇటుకల్లో పెట్టామండీ. తమరే కాపాడాలండీ" అని చక్కగా మొదలుపెట్టారు. ఎమ్మెల్యే సాబ్ సగం గడ్డం గీసుకొని, బ్లేడు పక్కన పెట్టి, కదలకుండా మొత్తం విన్నారు. శిఖం అన్న మాట దగ్గర మాత్రం ఒకసారి కనుబొమలు ముడిచారు. అంతా విన్నాక తువ్వాలుతో మొహం తుడుచుకొని, మాస్టారి భుజం తట్టి అన్నారు:

"అయిపాయె. నువ్వేం పరేషాన్ గాకు మాస్టరూ. ఇగ పోండ్రి అందరు. పోయి పండుకోండ్రి."

నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పో అనడమే గొప్ప. పోయి పండుకోమన్నారంటే ఇక దాని మీద మాట లేదు. మా ఆయన దారిలో వంకాయలు కొన్నాడు. ఆ రోజు నుంచి నిశ్చింతగా నిద్రపోయాం. డ్యూటీ నుంచి వచ్చి మా ఆయన పెట్టే గురక గోడ అవతలికి కూడా వినపడేది.

గోడ అవతల సంగతి మాకు తెలియలేదు. కాలనీలో కొందరు మాతో మాట తగ్గించారు. మేం వెళ్తే మాట మార్చేవాళ్లు. నోటీసు దిగులు కదా అనుకున్నాం. ఎన్నికలు వచ్చాయి. ఎమ్మెల్యే సాబ్ ఇంటింటికీ వచ్చి దండం పెట్టారు. మాస్టారు లోపల్నుంచి బయటికి రాలేదు. అక్కయ్యగారు గుమ్మం దగ్గరే "సరేనండి" అని తలుపు దగ్గరగా వేసింది. ఆయన మా గుమ్మం ముందుకొచ్చి, "మాస్టరుకు పానం బాగలేదా?" అని అడిగారు కూడా.

ఓడిపోయారు. చాలా కొద్ది ఓట్లతో. మా కాలనీ పెట్టెలు తెరిచేదాకా ఆయనే ముందున్నారని లెక్కింపు దగ్గర ఉన్నవాళ్లు చెప్పారు. ఆ రోజు మా ఇంట్లో అన్నం సహించలేదు.

మర్నాడు బోరింగ్ దగ్గర అక్కయ్యగారు, నేను నీళ్లకు ఒక్కసారే వచ్చాం. నాకు కడుపులో ఉన్నది దాచుకోవడం రాదు.

"ఎట్ల ఓడిండు అక్కయ్యగారూ, మనోళ్లే ఎయ్యలేదంట" అన్నాను.

"ఎలా వేస్తామమ్మాయ్?" అంది ఆవిడ, బోరింగ్ కొట్టడం ఆపేసి. "కొంప కూలిపోతోంది మొర్రో అని వెళితే ఆ పెద్దమనిషి ఏమన్నాడు? మా ఆయన్ని పట్టుకొని నువ్వు అన్నాడు. పో అన్నాడు. పోయి పడుకోండన్నాడు! నువ్వూ విన్నావుగా? ఆ రోజు నుంచి ఈయన సరిగా భోంచేయలేదు తెలుసా? అంతమందిలో కుక్కని అదిలించినట్టు అదిలిస్తే, మళ్లీ ఓటు కూడానా?"

నా చేతిలోని బిందె గట్టు మీద పెట్టేశాను.

"అయ్యో అక్కయ్యగారూ, అది తిట్టు కాదు!" అన్నాను. "పోయి పండుకోమంటే, ఇగ నీకు ఫికర్ లేదు, నిమ్మలంగ నిద్రపో, నీ బరువు నాది అని. మా నాయన గట్లనే అంటడు. అమ్మకు జరమొస్తే డాక్టరు గట్లనే అన్నడు. ఆయన పో అంటే పని అయినట్టే. ఆ మాట కోసం జనం కోసులు నడిచొస్తరు!"

"అంటే… కాపాడతానన్నాడా?"

"మరి ఏమనుకున్నరు?"

ఆవిడ అక్కడే బట్టలుతికే బండ మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత, "మరి ఆ మాట కాస్త తెలుగులో చెప్పొచ్చుగా ఆయన" అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడకూ వచ్చింది. నవ్వుతూనే ఇద్దరి మొహాలూ ఒక్కసారి వాడిపోయాయి. ఎందుకంటే ఆ క్షణానే ఇద్దరికీ ఒకటే ఆలోచన తట్టింది. నోటీసు ఇంకా తలుపు మీదే ఉంది. మా బరువు మోస్తానన్న మనిషిని మా కాలనీయే ఓడించింది. ఇప్పుడు ఆయనెందుకు తిరుగుతారు మా కోసం? తిరిగినా, ఓడిపోయిన ఎమ్మెల్యే మాట ఏ ఆఫీసులో చెల్లుతుంది?

బోరింగ్ దగ్గరి మాట పొద్దెక్కేసరికి కాలనీ అంతా పాకింది. ఆ వారమంతా మా రోడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మాస్టారు మా ఇంటికొచ్చి మా ఆయనతో, "మీవాళ్ల భాషకి ఒక వాచకం వేయించాలండీ" అన్నారు. హాస్యానికే అన్నారు గానీ ఎవరూ నవ్వలేదు. వెళ్లి క్షమించమని అడుగుదామని ఒకరు, ఏ మొహం పెట్టుకొని వెళ్తామని ఇంకొకరు. నేను మాత్రం రేకుల కింద కూర్చొని, ఈ మూలగదిని కూడా కూలుస్తారా, కూలిస్తే కాన్పుకి పుట్టింటికి పోవాలా అని లెక్కలేసుకుంటున్నాను. నిద్ర మాకూ పోయింది.

అలా ఉండగా ఒక పొద్దున మా మూడో రోడ్డులోకి ఆఫీసు జీపు వచ్చింది. వెనక ఇద్దరు మనుషులు, ఇనుప గొలుసు, గడ్డపారలు. అయిపోయింది అనుకున్నాం. ఆడవాళ్లమంతా గుమ్మాల్లోకి వచ్చేశాం. అక్కయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. జీపు ఆగింది. ముందు సీట్లోంచి, తలుపు కాలితో తన్ని, ఎమ్మెల్యే సాబ్ దిగారు.

ఆ క్షణం మీకెలా చెప్పాలో నాకు తెలియదు. ఇన్నేళ్లయినా తలచుకుంటే గుండె మీది నుంచి రాయి దింపినట్టుంటుంది. ఎవరో చప్పట్లు కొట్టారు కూడా. ఆయన మా వైపు చూడనే లేదు. ఆఫీసరు గారిని వెంటబెట్టుకొని సీదా మా బట్టల తీగ దగ్గరికి వచ్చి, రాతి కడీ మీద చెయ్యి వేశారు.

"గిది ఏంది సార్?"

"రాయి" అన్నాడు ఆఫీసరు.

"ద్రాక్ష కడీ సార్. గాడ బర్రెను కట్టిన్రు, గదీ కడీనే. గా తానాల గదికి రెండు దిక్కుల ఉన్నయ్, అవీ కడీలే. శిఖంల ఎవడన్న ద్రాక్ష వెడ్తడా? నీళ్లు నిలిస్తె ఏర్లు మురిగిపోవా? మా చిన్నాయన పిచ్చోడా?"

ఆఫీసరు తలగోక్కున్నాడు. గొలుసు పట్టుకొని వాళ్లు పొద్దంతా కొలిచారు. పాత హద్దురాయి ఒకటి రోడ్డు వేసేటప్పుడు జరిగిపోయిందని, కొలత అక్కడ తప్పిందని తేలింది. చెరువు శిఖం మా కాలనీ అవతల, దిగువన ఉంది. నోటీసు వాపసు తీసుకోవడానికి రాసి పంపుతానని ఆఫీసరు అందరి ముందూ చెప్పాడు. మా ఆయన ఉన్నచోటే గొంతుక్కూర్చుని తల పట్టుకున్నాడు. పాపం, అది సంతోషమని తర్వాత చెప్పాడు.

చాయ్ తాగుతుంటే మాస్టారు ముందుకొచ్చారు. అక్కయ్యగారు వెనక నుంచి పొడుస్తోంది. ఆయన తడబడుతూ మొత్తం చెప్పారు. పో అన్న మాట, పండుకోమన్న మాట, తాము అనుకున్నది, చేసింది. ఎమ్మెల్యే సాబ్ చాయ్ గ్లాసు పట్టుకొని నోరు తెరిచి విన్నారు.

"గందుకా?" అన్నారు. "నేను నల్లా రాలేదని కోపమనుకున్న!" అని పగలబడి నవ్వారు. చాయ్ లాల్చీ మీద పడింది. "అరె, ఒక్క ముక్కకు సీటు పాయె గదనయ్యా! మా ఇంట్ల చెప్తె నమ్మరు."

మా ఆయన ఉండబట్టలేక అడిగేశాడు. "ఓడిపోయినంక గూడ ఎందుకు తిరిగిన్రు సాబ్?"

ఆయన నవ్వు ఆపి, వింతగా చూశారు. "పండుకోండ్రని మీకు నేనే చెప్పిన గద. చెప్పి, ఓడిన అని నేను పోయి పండుకుంటనా?"

ఆయన లేచి, అక్కయ్యగారికి దండం పెట్టి, "ఇగ నిమ్మలంగ పోయి పండుకోండ్రండి గారూ" అన్నారు. ఆ రోజు నుంచి కోస్తా వాళ్లు ఎవరు కనపడ్డా ఆయన మా మాటకు ఆ "అండి", ఆ "గారు" తగిలించడం మొదలుపెట్టారు, పని తొందరలో మరిచిపోతే తప్ప. "రాండ్రండి", "కూసోండ్రండి". మాస్టారు ఎన్నిసార్లు దిద్దినా చివరిదాకా మారలేదు. బహుశా మార్చుకోవడం ఇష్టం లేక కావచ్చు.

ఓడిన ఆ రోజుల గురించి పెద్దమ్మ చెప్పిన మాట ఒకటి నాకు చాలా ఇష్టం. లెక్కింపు మర్నాడు ఆవిడ వంటింట్లో నింపాదిగా కూర్చొని, "ఎన్నేండ్లకో ఇయ్యాల ఎంతమంది తింటరో ఎరుకతోని బియ్యం వెట్టిన బిడ్డా. హమ్మయ్య అనిపిచ్చింది" అందట పక్కింటావిడతో. ఆయన కూడా జీపు పోయిందని దిగులు పడలేదు. బస్సెక్కి తిరిగేవారు. "గెలిస్తె జీపు, ఓడితె బస్సు. జీపుల ఒక్క డ్రైవరు ముచ్చట్లే. బస్సుల మస్తు ముచ్చట్లు దొరుకుతయ్" అనేవారు.

తర్వాతి ఎన్నికల్లో ఆయన మళ్లీ నిలబడ్డారు. ఈసారి మా కాలనీలో ప్రచారం చేసింది అక్కయ్యగారు. కొత్తగా వచ్చిన కోస్తా వాళ్ల ఇళ్లకు వెళ్లి, "ఆయన పో అంటే వెళ్లిపొమ్మని కాదండీ, పనైపోయిందని" అని ముందే చెప్పి వచ్చేది. గెలిచారు. అదే ఆయన ఆఖరి పోటీ. ఆ తర్వాత పార్టీ వేరే వాళ్లకు టికెట్ ఇచ్చింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. కర్మన్‌ఘాట్ గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చారట. ఏమని మొక్కావని పెద్దమ్మ అడిగితే, "మొక్కలే, చాలని చెప్పొచ్చిన" అన్నారట.

సోమవారం ఆయన్ని సాగనంపాం. ఆయనకు ఓటేసినవాళ్లు, వేయనివాళ్లు, ఆయన మీద పోటీ చేసి గెలిచినాయన, అందరూ వచ్చారు. అక్కయ్యగారు మనవడి చెయ్యి పట్టుకొని మెల్లగా నడిచి వచ్చింది. మాస్టారు పోయి చాలా కాలమైంది. ఆవిడ ఎమ్మెల్యే సాబ్ మొహం చూసి, "ఎంత ప్రశాంతంగా ఉన్నారమ్మాయ్" అంది. ఏడవలేదు. నేనూ అప్పటికి ఏడుపు ఆపుకున్నాను. పెద్దమ్మ మాత్రం అందరికీ చాయ్ అందిందా లేదా అని అడుగుతూనే ఉంది.

సంతాప సభలో నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడితే "మంచి మనిషి" అన్న మాట తప్ప ఏమీ రాలేదు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నోటీసు వాపసు వచ్చిందని తెలిసిన వారమే కాలనీ అంతా ఒక్కసారి స్లాబులు మొదలుపెట్టింది. మేస్త్రీలు దొరకలేదు, కూలీలు దొరకలేదు. మా స్లాబ్ రోజు సగం మంది పాలమూరు కూలీలు వేరే ఇంటికి వెళ్లిపోయారు. అప్పటికే కంకర కలపడం మొదలైంది. స్లాబ్ ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, ఆపితే అతుకు పడి వానకు కారుతుంది. మా ఆయన మొహంలో నెత్తురు లేదు. మాస్టారు లుంగీ పైకి కట్టి వచ్చారు. ఆయన వెనక రోడ్డులోని మగవాళ్లు, ఆ వెనకే ఆడవాళ్లు. కంకర కుప్ప దగ్గర నుంచి పైదాకా ఒక వరస కట్టారు. తట్ట ఒక చేతి నుంచి ఇంకో చేతికి సాగుతోంది. నన్ను మాత్రం ఎవరూ కదలనివ్వలేదు. వేపచెట్టు నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అక్కడి నుంచి నాకు అందరూ కనపడుతున్నారు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రోడ్డు చివర బస్సు దిగి ఎమ్మెల్యే సాబ్ నడుచుకుంటూ వచ్చారు. అటుగా పోతూ ఎంత దాకా అయిందో చూద్దామని వచ్చారట. ఎవరినీ ఏమీ అడగలేదు. చెప్పులు గోడ పక్కన వదిలి, లాల్చీ చేతులు మోచేతుల పైకి మడిచి, వరసలో అక్కయ్యగారి పక్కన ఖాళీ ఉన్నచోట నిలబడ్డారు. ఆవిడ తత్తరపడి తట్ట పట్టుకొని అలాగే ఉండిపోయింది. ఆయనే లాక్కొని పైనున్న వాళ్లకు అందించారు. తట్ట పైకి వెళ్లింది. తెల్ల లాల్చీ నిండా సిమెంటు చుక్కలు, నుదుటి మీద చెమట. ఎన్నికలప్పుడు దండం పెడుతూ గడప గడప తిరిగిన ఆ రెండు చేతులూ ఇప్పుడు ఖాళీగా ఆవిడ ముందుకు చాచి ఉన్నాయి.

"ఇంకోటి ఇయ్యి చెల్లే, ఆగనియ్యకు" అన్నారు.